ఎత్తు దూకే పిల్లకి కొలిచి పోసిన నీళ్లు

మా మేనకోడలు జీవితంలో మొదటిసారి దూకింది కొబ్బరి చెట్టు మీదుగా. చెట్టు అప్పుడు నిలబడి లేదు, పడుకుని ఉంది. తుఫాను వెళ్లిన మర్నాడు ఉద్దానం మొత్తానికి నిటారుగా నిలబడి కనిపించింది మా బావ ఒక్కడే. మిగతావన్నీ, కొబ్బరి చెట్లూ, జీడి చెట్లూ, పనస చెట్లూ, కరెంటు స్తంభాలూ, సముద్రం ఒక పెద్ద దువ్వెన పట్టుకొచ్చి దువ్వినట్టు ఒకే వైపుకి వాలిపోయి ఉన్నాయి. వాటి మధ్య మా బావ లుంగీ ఎగ్గట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని, పెళ్లివారు వెళ్లిపోయాక పందిట్లో మిగిలిపోయిన మనిషిలా నిలబడ్డాడు. వాళ్ల తాత నాటిన తోట అది. ఆయన ఏడవలేదు. "ఊడిసీడానికి సీపుళ్లు సాలవు" అన్నాడు, అంతే.

నేను టెక్కలిలో ఒక ఆఫీసులో గుమస్తాని. మా చెల్లెల్ని పలాస నుంచి సముద్రం వైపు వెళ్లే దారిలో, అలల చప్పుడు వంటింట్లోకి వినపడే ఊరికి ఇచ్చాం. ఆదివారాలు బస్సెక్కి వాళ్లింటికి వెళ్లడం నా అలవాటు. అందుకని ఈ కథలో చాలా భాగం నేను కళ్లతో చూసిందే. చూడనిది చూసినదానికంటే బాగా చెప్పగలను గానీ, ఈసారికి ఆ అవసరం పెద్దగా రాలేదు.

పడ్డ మానులు తీయడానికి నెలలు పట్టింది. వాటిని వరసగా పరిస్తే ఢిల్లీ దాకా వంతెన అయ్యేది. ఊరి నుంచి బడికి వెళ్లే బాట మీద నాలుగడుగులకో మాను. మిగతా పిల్లలు ఎక్కి దిగేవాళ్లు, కింద సందుంటే దూరేవాళ్లు. మా మేనకోడలు మాత్రం పుస్తకాల సంచీ అవతలికి విసిరేసి, వెనక్కి వెళ్లి, పరుగెత్తుకొచ్చి దూకేది. సంచీ ముందు, పిల్ల వెనక. కొన్నాళ్లకి ఒకదాని మీద ఒకటి పడ్డ జంటమానుల్ని కూడా దూకుతోందనీ, అది గాల్లోకి లేస్తే కాకులు పక్కకి తప్పుకుంటున్నాయనీ నేను ఆఫీసులో చెప్పాను. కాకుల సంగతి చూడలేదు గానీ, తప్పుకునే ఉంటాయి.

బళ్లో ఆటలు నేర్పే మాస్టారు ఒకాయన ఉండేవాడు. ఆయన విజిల్ ఊదితే ఇచ్ఛాపురం అవతల ఒరియా బళ్లలో పిల్లలు కూడా బారు తీరేవాళ్లు. ఆయన ఈ దూకుడు చూసి, మా బావ దగ్గరికి వచ్చి, మీ పిల్ల కాళ్లు మామూలు కాళ్లు కావని చెప్పాడు. బావ పిల్ల కాళ్ల వైపు చూసి, చెప్పులు చిన్నవయ్యాయేమో అనుకున్నాడట. విషయం తెలిశాక మాత్రం ఆలస్యం చెయ్యలేదు. పడిపోయిన చెట్ల నుంచే రెండు గుంజలు కోసి పెరట్లో పాతాడు. జీడిపళ్లు రాల్చే వెదురు గెడని వాటి మీద అడ్డంగా పెట్టాడు. అవతల పడ్డానికి గోనె సంచుల్లో కొబ్బరి పీచు కుక్కి పరుపులా పేర్చాడు. ప్రపంచంలో ఏ క్రీడాకారిణికీ అంత కొబ్బరి వాసన వేసే పరుపు దొరికి ఉండదు. అందులో ఒక తేలు కూడా కాపురం పెట్టింది. రోజూ మీద పడుతున్న పిల్లకి అలవాటు పడిందో ఏమో, అది ఎవరినీ ఏమీ అనలేదు.

మాస్టారు ఫోనులో చూపించి, ముందుకి కాదు, వీపు వెనక్కి వాల్చి దాటాలని నేర్పాడు. పరుగెత్తుకొచ్చి, ఒంటికాలి మీద లేచి, గాల్లోనే వెనక్కి వాలి, ముందు తల, తర్వాత నడుం, చివర్న మడమలు. మా చెల్లెలు వంటింటి గుమ్మంలోంచి చూసి, ముందు ఏముందో చూడకుండా వెనక్కి పడే ఆట ఎవడు కనిపెట్టాడని అడిగింది. బావ ప్రతి సాయంత్రం గెడని వేలెడు పైకి జరిపేవాడు. పిల్ల దాటేది. జరిపేవాడు, దాటేది. ఆ రోజుల్లో ఆ పెరట్లో మాటలు తక్కువ. గెడ పడితే చప్పుడు, పడకపోతే నిశ్శబ్దం. ఎక్కువ రోజులు నిశ్శబ్దమే.

జిల్లాలో మొదటిది వచ్చింది. తర్వాత జోన్‌లో. ఒక మీటరున్నర ఎత్తుని తలుపు గడప దాటినట్టు దాటేది. టెక్కలిలో ఎవరైనా మీ మేనకోడలు ఎంత ఎత్తు దూకుతుందని అడిగితే, నేను చెయ్యి ఎత్తి చూపించేవాణ్ణి. ఎదుటివాడు తల పైకెత్తి చూసేవాడు.

అప్పుడు బావకి ఆ జబ్బు వచ్చింది.

ఉద్దానంలో ఆ జబ్బుని పేరు పెట్టి పిలవనక్కర్లేదు. ఇంటికి చుట్టం వస్తే మంచినీళ్లిచ్చి, కూర్చోబెట్టి, క్రియాటినిన్ ఎంత అని కుశలం అడిగే ఊళ్లు మావి. పిడుగు పడితే జనం ఉలిక్కిపడతారు, వాన పడితే ఎవరు ఉలిక్కిపడతారు? బావకి వచ్చిందని తెలిసిన రోజు ఇంట్లో ఎవరూ గట్టిగా ఏడవలేదు. మా చెల్లెలు పొయ్యి మీద అన్నం ఉందని లేచి వెళ్లింది. పిల్ల గెడ తీసి గోడకి చేర్చింది. నేను నాకు తెలిసిన హాస్యం అంతా మనసులో వెతుక్కున్నాను. అన్నీ పాతవే ఉన్నాయి. అందరం భోజనం చేశాం. కూర బాగుందని కూడా అన్నాను.

తర్వాత రోజు విడిచి రోజు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకోవడం మొదలైంది. మొదట్లో అదొక ప్రయాణం, తర్వాత అదొక ఉద్యోగం. ఆటో వచ్చేది, బావా చెల్లెలూ ఎక్కేవాళ్లు, సాయంత్రానికి దిగేవాళ్లు. అక్కడ పక్క మంచాల వాళ్లతో బావకి భలే స్నేహం కుదిరింది. తోటల రేట్లు, జీడి పంట, ఎవరు ఈ వారం రాలేదు, ఎందుకు రాలేదు. ఎందుకు రాలేదన్న దగ్గర మాట ఆపి కిటికీలోంచి చూసేవాళ్లట.

బావ లేకపోయినా పిల్ల దూకడం ఆపలేదు. గెడ తనే పెట్టుకునేది, పడితే తనే తీసి పెట్టుకునేది. ఇంటర్‌లో చేరింది. అయితే ఏడాది తిరిగేసరికి గెడ పైకి జరగడం మానేసింది. తర్వాత కిందికి జరగడం మొదలుపెట్టింది.

విశాఖపట్నంలో ఒక శిక్షణ కేంద్రం ఉంది. అక్కడ చోటు దొరికితే హాస్టలు, చదువు, అసలైన పరుపు, అసలైన కోచ్. ఆ చోటు కోసం ఎంపిక పోటీ పెట్టారు. బావకి ఆ రోజు డయాలసిస్ కాబట్టి పిల్లని నేను తీసుకెళ్లాను. మీటరు అరవై దాటితే చాలన్నారు. అది అంతకు ముందు ఏడాది నిద్రలోనైనా దాటే ఎత్తు. ఆ గ్రౌండులో పరుపు చూసి నేనే ఒకసారి దూకుదామా అనుకున్నాను. మా టెక్కలి ఆఫీసు మొత్తం దాని మీద భోజనాలకి కూర్చోవచ్చు.

పిల్ల పరుగెత్తింది. మొదటి ఎత్తుకే కర్ర పడింది. రెండోసారి పడింది. మూడోసారి లేవనేలేదు, పరుగులోనే పిక్క పట్టేసి గడ్డి మీద కూర్చుండిపోయింది. ఎండలో ఉన్నా దాని మొహం మీద చెమట చుక్క లేదు. కోచ్ మేడం వచ్చి, కాలు నొక్కి, పెదాలు చూసి, నీళ్లు తాగావా అని అడిగింది. తాగానంది. అబద్ధం కాదు, తాగింది. ఎంత తాగిందో అప్పటికి నాకు తెలీదు.

మేడం నన్ను పక్కకి పిలిచి, రెండు నెలల్లో ఇంకోసారి పోటీ ఉందనీ, ఆ తర్వాత పిల్లకి వయసు దాటిపోతుందనీ, అదే ఆఖరి అవకాశమనీ చెప్పింది. నేను తలూపాను. అప్పుడు నా బుర్రలో ఉన్న ఆలోచన ఏమిటంటే, ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి పలాస బస్సు ఎన్నింటికి, కిటికీ సీటు దొరుకుతుందా అని. ఏడుపు రావాల్సిన చోట బస్సు వచ్చింది. దారిలో పిల్లని నవ్వించడానికి మా ఆఫీసులో కుర్చీ విరిగి పెద్దాఫీసరు కింద పడ్డ సంగతి చెప్పాను. నిజానికి కుర్చీ మాత్రమే విరిగింది, ఆయన సెలవులో ఉన్నాడు. నవ్వాల్సిన చోట పిల్ల సరిగ్గా నవ్వింది, హాజరు పలికినట్టు.

ఊళ్లో కారణాలు రకరకాలుగా పుట్టాయి. దిష్టి అన్నారు కొందరు. గెడకి నిమ్మకాయలు కట్టారు, దూకితే అవి తలకి తగిలేవి. రాత్రిళ్లు ఫోను చూసి నిద్ర పాడుచేసుకుంటోందని మాస్టారు తిట్టాడు. ఎవరితోనైనా మాట్లాడుతోందేమో కనుక్కోమని నాకు ఇంకొకాయన సలహా ఇచ్చాడు. పిల్ల అన్నీ విని ఊఁ కొట్టేది. ఊఁ కొట్టడం గోడకి కూడా చేతనవుతుంది, చెప్పేవాళ్లకి ఓపిక ఉండాలే గానీ.

అలా రెండు వారాలు గడిచాక మా చెల్లెలు నూతి దగ్గర జారి చీలమండ బెణికించుకుంది. బావని పలాస తీసుకెళ్లే పని నా మీద పడింది. ఆఫీసుకి సెలవు పెట్టి వాళ్లింట్లో దిగాను. ఎప్పుడూ ఆదివారం వెళ్తే చెల్లెలు నాకోసం చేపో రొయ్యో చేసి పెట్టేది. అది చుట్టం భోజనమనీ, మామూలు రోజుల భోజనం వేరనీ నాకు ఎందుకు తెలుస్తుంది?

మొదటి రోజు మధ్యాహ్నం బావకి ముందు వడ్డించింది. ఆయన తిని అరుగు మీద నడుం వాల్చాడు. తర్వాత నేనూ పిల్లా కూర్చున్నాం. కూర నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు లేదు. తక్కువ కాదు, లేదు. అంత దగ్గర్లో ఉన్న సముద్రం చిన్నబుచ్చుకునేంతగా లేదు. బీరకాయో దొండకాయో కూడా తేల్చుకోలేకపోయాను. ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఉడకబెట్టి, మళ్లీ పారబోస్తే, ఆ నీళ్లతో పాటు కూరగాయకి తన పేరు కూడా పోయింది. బావ కూర పొరపాటున నా కంచంలో పడిందనుకున్నాను. పిల్ల కంచం వైపు చూశాను. అదే. చప్పుడు లేకుండా తింటోంది. పప్పు లేదు. టమాటా లేదు. పెరట్లో అరటి గెల పండి ఉడతలు తింటున్నాయి, ఇంట్లోకి ఒక్క పండు రాలేదు.

పిల్ల కంచం పక్కన ఒక స్టీలు గ్లాసు ఉంది. లోపల మేకుతో గీసిన గీత ఉంది. ఆ గీత దాకా నీళ్లు. బావ గ్లాసుకి అలాంటి గీత ఉండటం నాకు తెలుసు, ఆయన ఒంట్లో నీరు బయటికి పోదు కాబట్టి డాక్టర్లు కొలిచి తాగమన్నారు. ఇది బావ గ్లాసు కాదు. దాని అడుగున పిల్ల పేరు చెక్కించి ఉంది, అన్నప్రాశనకి నేను కొన్నది.

ఊరి నీళ్ల వల్లే ఈ జబ్బన్న అనుమానంతో మా వైపు అందరూ కొనుక్కునే నీళ్ల టిన్ను దగ్గరికి నేను వెళ్లి చెంబు నిండా ముంచి తెచ్చి పిల్ల ముందు పెట్టాను. అది చెంబు వైపు చూసింది, గుమ్మం వైపు చూసింది, ముట్టుకోలేదు. అయిపోయిందిలే మావ, మళ్లీ సాయంత్రం తాగుతానంది.

మా చెల్లెలు కుంటుకుంటూ వచ్చి చెంబు తీసి టిన్నులో ఒంపేసింది. ఇదేమిటని అడిగాను. దాచాల్సిన సంగతి అన్నట్టుగా కాదు, ఇంటి పద్ధతి కొత్త చుట్టానికి చెప్పినట్టుగా చెప్పింది.

"మీ బావకి వొచ్చినాక సెప్పినారు, ఇది తినకు అది తాక్కు అని. అయే ముందే మానీసుంటే వొచ్చునేటి? ఆయనకి సెప్పినోలు నేరు. దీనికి నానున్నాను."

నేను నలభై ఏళ్లుగా ఎదుటివాణ్ణి మాటలతో పడగొట్టే మనిషిని. ఆ మాటలో ఎక్కడా పగులు లేదు. జబ్బు వచ్చినవాడికి మాన్పించినవన్నీ రాకముందే మాన్పిస్తే జబ్బే రాదు. ఉద్దానంలో పుట్టి, ఉద్దానంలో తాళి కట్టించుకుని, రోజు విడిచి రోజు ఆ మంచాల మధ్య కూర్చునే మనిషికి ఇంతకంటే తిన్నని దారి ఇంకోటి కనపడదు. ఏడాదిగా ఆ ఇంట్లో రోగి ఒకడు, పథ్యం చేసేవాళ్లు ముగ్గురు. చుట్టూ వెయ్యి కొబ్బరి చెట్లు, మళ్లీ నాటినవి, కాపుకొచ్చినవి. బావకి బొండం నీళ్లు పడవని డాక్టరు వద్దన్నాడు కాబట్టి, ఆ పిల్ల నాలిక మీద బొండం నీళ్లు పడి ఏడాదైంది.

ఎండలో పరుగెత్తే పిల్ల అనీ, దానికి నీళ్లు కావాలనీ, ఉప్పు కావాలనీ, పప్పు గుడ్డు కావాలనీ నేను చెప్పాను. విశాఖపట్నం గ్రౌండులో పిక్క పట్టేసిన సంగతి చెప్పాను. చెల్లెలు విని, "దూకకపోతే ఏటవుద్ది? దూకినోలే బతుకుతన్నారేటి" అంది. కోపంగా కాదు. చీలమండకి కట్టు బిగించుకుంటూ అంది.

సాయంత్రం పెరట్లో పిల్ల సంచులు సర్దుతుంటే పక్కన కూర్చున్నాను. బళ్లో సైన్సు చదివిన పిల్లవి, ఇది తప్పని నీకు తెలీదా అన్నాను. తెలుసంది. మరి బయట తాగొచ్చు కదా, కాలేజీలో కొళాయి ఉంది కదా అన్నాను. అది గోనె మూతి బిగిస్తూ, తల ఎత్తకుండా చెప్పింది.

"బయట తాగినావేటి అని అమ్మ అడుగుతాది మావ. నాను అబద్దం ఆడితే అమ్మకి తెలిసిపోద్ది. గీత దాకా తాగితే అమ్మ పడుకుంటాది."

మా చెల్లెలికి నిద్ర పట్టడం కోసం ఆ పిల్ల ఎత్తు తగ్గించుకుంటోంది. నాకు ఏదో అనిపించాలి. గెడ మీద ఒక చీమ నడుస్తోంది, దాన్ని చూస్తూ కూర్చున్నాను. చాలా పెద్ద చీమ, బొటనవేలంత ఉంటుంది.

మర్నాడు బావని పలాస తీసుకెళ్లాను. ఆయన చేతికి గొట్టాలు తగిలించి రక్తం తిప్పుతుంటే పక్కన స్టూలు మీద కూర్చుని, ఇంట్లో జరుగుతున్నది చెప్పాను. ఆయనకి తెలీదు. ముందు తిని పడుకునే మనిషి, వెనకాల ఎవరు ఏం తింటున్నారో ఎప్పుడు చూశాడు? ఇంటికి వచ్చాక ఆటో దిగుతూనే చెల్లెల్ని పిలిచాడు.

"ఇదిగో, నా రోగం నాది. మా తాత తోటలాగ పంచీడానికి ఇదేటి ఆస్తా? దీన్లో వాటా నాను ఎవులికీ ఇవ్వను. మన గుంటకి తాగడానికి నీళ్లియ్యి."

చెల్లెలు తల వంచుకుని నిలబడింది. పిల్లకి రక్త పరీక్ష చేయించి అంతా బాగుందంటే ఇస్తానంది. అని, వెంటనే పరీక్ష వద్దంది. ఆ రెండు మాటల మధ్య ఊపిరి తీసుకునేంత ఎడం కూడా లేదు. మా వైపు పెళ్లికాని పిల్లలకి ఆ పరీక్ష చేయించరు. క్రియాటినిన్ ఎక్కువుందని తేలితే సంబంధాలు రావన్నది పైకి చెప్పే కారణం. లోపలిది మా చెల్లెలు చెప్పింది, తెలీకుండా ఉన్నన్నాళ్లూ రోజులు వెళ్తాయట, తెలిశాక రోజులు ఆగిపోతాయట.

పిల్ల గుమ్మంలో నిలబడి వింటోంది. గెడ ముందు నిలబడి దూరం చూసుకునేటప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది దాని మొహం, అంటే ఏమీ లేదు. "రేపు నాన్నతో పాటు నానూ ఎల్తాను మావ" అంది. రేపు కాదు ఎల్లుండి అన్నాను, డయాలసిస్ ఎల్లుండి కాబట్టి. సరే ఎల్లుండి అంది.

ఆ ఎల్లుండి పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గలో ఒక లేబులో పిల్ల చేయి చాపింది. బావని మంచం మీద పడుకోబెట్టి వచ్చి, నేనూ పిల్లా బయట బెంచీ మీద కూర్చున్నాం. ఆ బెంచీ మీద ఉద్దానం సగం కూర్చుని ఉంది. ఎదురుగా బండి మీద బజ్జీలు వేస్తుంటే వెళ్లి తిన్నాను. పది తిన్నాను, వంద అయినా తినేవాణ్ణే, నోటికి ఏమీ తెలియడం లేదు. లోపలి నుంచి కుర్రాడు వచ్చి మమ్మల్ని పిలిచాడు. బాగుందన్నాడు. నేను వినబడనట్టు చూశాను. బాగుందండీ, పాపకి ఏమీ లేదు, అని మళ్లీ చెప్పాడు. ఆ బెంచీ దగ్గర ఆ మాట చెప్పడం ఆయనకీ అలవాటు లేదు, గొంతు తగ్గించి చెప్పాడు, పక్కవాళ్లు ఏమనుకుంటారో అని.

ఇంటికి వెళ్లి చెల్లెలికి చెప్పాం. "ఇప్పటికి" అంది. తర్వాత గీత ఉన్న గ్లాసు తీసి బియ్యం డబ్బాలో పడేసింది, కొలతకి పనికొస్తుందని. బావ అరుగు మీంచి కత్తి తెచ్చి, వద్దన్నా వినకుండా, ఒక బొండం చెక్కి పిల్లకి ఇచ్చాడు. ఆయన తాగకూడని నీళ్లు. పిల్ల ఎత్తి తాగింది. అది తాగుతున్నంతసేపూ మా చెల్లెలు పెరటి వైపు తిరిగి నిలబడింది. చివర్లో గుటక చప్పుడు ఆగాక ఇటు తిరిగింది.

మిగిలిన రోజుల్లో చెల్లెలు రెండు వంటలు చేసింది. ఒక పొయ్యి మీద బావ కూర, ఇంకో పొయ్యి మీద పిల్ల కూర. ఉప్పు వేసేటప్పుడు చెయ్యి డబ్బా మీద ఆగేది. పిల్లే వచ్చి ఆ చెయ్యి పట్టుకుని కూరలోకి తిప్పేది. గెడ మళ్లీ పైకి జరిగింది. నిమ్మకాయలు పని చేశాయని కట్టినవాళ్లు ఊరంతా చెప్పారు, నేను కాదనలేదు.

ఆఖరి పోటీకి చెల్లెలు తనూ వస్తానంది. బావని పక్కింటివాళ్లకి అప్పగించి, నీళ్ల టిన్ను ఒకటి మోసుకుని బయల్దేరింది. పలాస నుంచి విశాఖపట్నం దాకా ఆ టిన్ను మా ఇద్దరి మధ్య కూర్చుంది. కండక్టర్ దానికి టిక్కెట్టు కొట్టనందుకు ఆయన ధర్మాత్ముడు. కూతురు పోటీలో దూకడం మా చెల్లెలు అంతవరకు చూడలేదు. గ్రౌండు అంచున చెట్టు నీడలో టిన్ను మీద చెయ్యేసి నిలబడింది.

పిల్ల మొదటి ఎత్తు దాటింది. రెండోది దాటింది. మీటరు అరవై కర్ర పెట్టారు. పరుగు మొదలుపెట్టిన దగ్గర్నుంచి పరుపు మీద పడేదాకా నేను ఊపిరి తీసుకోలేదు, పక్కనున్న చెట్టు కూడా తీసుకోలేదు. మడమలు దాటాయి. కర్ర కొంచెం ఊగి ఆగింది. చేతులు తట్టారు. చోటు దొరికినట్టేనని నాకు తెలుసు. చెల్లెలికి తెలీదు. కర్ర ఇంకా పైకి జరిపారు. మిగతా పిల్లలంతా తప్పుకున్నారు, మా పిల్ల ఒక్కతే మిగిలింది. దూకింది, కర్ర పడింది. మళ్లీ పడింది. మూడోసారి కూడా పడింది.

చెల్లెలు టిన్ను ఎత్తుకుంది. "పోనీలే అన్నయ్యా. ఇంటికెల్లిపోదుం" అంది. ఏడాదిన్నరలో మొదటిసారి దాని మొహం మీద ముడత విడింది. కూతురు ఓడిపోయిందనీ, ఇక ఇంట్లోనే ఉంటుందనీ అనుకుంది.

కాదమ్మా, గెలిచింది, అన్నాను. ఈ ఆటలో గెలిచినవాళ్లు కూడా ఆఖర్న కర్ర పడగొట్టే ఆపాలి, పడేదాకా పైకి జరుపుతూనే ఉంటారని చెప్పాను. చెల్లెలు టిన్ను దించింది. "ఇదేటి ఆటన్నయ్యా" అంది. అని కూర్చుంది.

కోచ్ మేడం వచ్చి, వచ్చే నెల్లో చేర్చమనీ, హాస్టలు సంగతులు ఏమైనా అడగాలంటే అడగమనీ చెప్పింది. నేను చాలా ప్రశ్నలు సిద్ధం చేసుకుని వెళ్లాను, ఒక్కటీ గుర్తు రాలేదు. చెల్లెలు లేచి నిలబడి, అక్కడ తాగడానికి ఏ నీళ్లని అడిగింది. మేడం శుభ్రమైన నీళ్లేననీ, ఫిల్టరు ఉందనీ, పిల్లలు ఎన్నిసార్లయినా పట్టుకోవచ్చనీ చెప్పింది. దూరంగా పరుపు అంచున కూర్చుని మా మేనకోడలు చేతిలో ఖాళీ సీసా పట్టుకుని ఉంది. పక్కనే నీళ్ల డ్రమ్ము ఉంది. మిగతా పిల్లలు దాని చుట్టూ తోసుకుంటున్నారు. ఇది కదలడం లేదు, ఇటు తల్లి వైపు చూస్తోంది.

చెల్లెలు కూడా అటే చూసింది.

"అది అడగదమ్మా. దానికి అడగడం పోయింది. నానే పోగొట్టినాను. మీరే పొయ్యాల."

మేడం సరేనంది. చెల్లెలు టిన్ను మూత తీసి, రెండు చేతులా ఎత్తి పట్టుకుని, గ్రౌండు అడ్డంగా కూతురి దగ్గరికి నడిచింది. చీలమండ ఇంకా పూర్తిగా తగ్గలేదు, సగం నీళ్లు దారిలోనే ఒలికిపోయాయి. మిగతావి సీసా నిండేదాకా పోసింది, నిండాక కూడా పోసింది. నేను టైము చూసుకున్నాను. మర్నాడు బావకి డయాలసిస్. పలాస బస్సు తప్పిపోతే కష్టమని వాళ్లని పిలిచాను.